చెరిపే మీట నెత్తిన

వనమాల టైపు చేసేటప్పుడు తన వేళ్ళ వంక చూసి ఇరవై ఏళ్ళు దాటింది. నేర్పిన వత్సల మేడం అలాంటిది. వజీరాబాద్ పేటలో మేడ మీద ఆమె నడిపే ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన రెండో వారం నుంచే చేతుల మీద దస్తీ కప్పేవారు. కళ్ళు కాగితం మీద, చేతులు దస్తీ కింద. ఎవరి తల వంగినా మేడం స్కేలు గడ్డం కిందికి వచ్చేది. అక్కడ నేర్చుకున్నవాళ్ళకు కీబోర్డు చూసే వస్తువు కాదు, తడిమే వస్తువు.

ఆఫీసులో ఆమె కీబోర్డు మీద అక్షరాలు ఏనాడో అరిగిపోయాయి. ఇంకెవరైనా దాని ముందు కూర్చుంటే రెండు నిమిషాల్లో దండం పెట్టి లేస్తారు. వనమాలకు మాత్రం చూపుడువేళ్ళ కింద మీటల మీది రెండు చిన్న గడ్డలు తగిలితే చాలు, నిమిషానికి నలభై అయిదు మరాఠీ మాటలు పడతాయి. ఆ మరాఠీ జిల్లా కార్యాలయం నుంచి పద్నాలుగేళ్ళుగా ఏ సంతకం కింద ఏ ఉత్తరం పోయినా ఆ చేతుల్లోంచే పోయింది. ఉద్యోగం మాత్రం కాంట్రాక్టు. పదకొండు నెలలకోసారి ఒకరోజు తీసేసి, మర్నాడు మళ్ళీ పెట్టుకుంటారు.

ఈసారి పర్మనెంటు గుమస్తా పోస్టులకు కాంట్రాక్టు వాళ్ళు కూడా కూర్చోవచ్చన్నారు. రాతపరీక్ష గట్టెక్కింది. ఇక టైపు పరీక్ష మిగిలింది. వచ్చే నెలకు ఆమె వయసు గీత దాటుతుంది కాబట్టి ఇదే మొదలు, ఇదే చివర. అయినా ఇంట్లో ఎవరూ బెంగపడలేదు. చేపపిల్లకు ఈత పరీక్ష పెడితే ఎవరు బెంగపడతారు.

మంగళవారం పదిన్నరకు మొదలు కావాల్సిన పరీక్ష పదకొండుంబావుకు మొదలైంది. కిరాయి లాప్‌టాప్‌లు రావడమే ఆలస్యంగా వచ్చాయి. నలభై మందికి నలభై, బల్లకు రెండేసి. పరీక్ష పది నిమిషాలు. చేయి అలవాటు కావడానికి ఐదు నిమిషాలు ఇవ్వాలని రూలు. పెద్ద సాహెబు పన్నెండింటికి వస్తున్నాడని ఆ ఐదు నిమిషాలు ఒకటైంది. పరీక్ష జరిపించేది విశ్వేశ్వర్. అదే ఆఫీసులో సెక్షన్ పెద్ద, మోండా ధాన్యం మార్కెట్లో దుకాణాలున్న కోమట్ల ఇంటి మనిషి. వనమాలతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడతాడు, హాల్లో ఆ రోజు మాత్రం మరాఠీ తప్ప మాట్లాడలేదు.

"సురూ కరా," అన్నాడు గడియారం చూసుకుంటూ.

వనమాల చూపుడువేళ్ళు గడ్డల మీద పెట్టింది. గడ్డలు ఉండాల్సిన చోట లేవు. ఆ లాప్‌టాప్‌కు కుడివైపు అంకెల మీటల మంద ఒకటి వేరే ఉంది, దాంతో అక్షరాలన్నీ ఎడమకు జరిగిపోయాయి. తెరకు ఎదురుగా కూర్చుంటే చేతులు ఎడమకు తిప్పాలి. తిప్పితే మోచేయి పక్కామె మోచేతికి తగులుతోంది. పక్కామె జరగమన్నట్టు చూసింది. వనమాల నిటారుగా కూర్చుంది. చేతులు ఒక మీట పక్కకు జారాయి. తెర మీద ఒక లైనంతా ఏ భాషా కానిది పడింది.

చెరిపి, మళ్ళీ మొదలుపెట్టింది. రెండు నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత కుడిచేతి కింద కంట్రోల్ మీట ఉండాల్సిన చోట రంగుబొమ్మ వేసిన కొత్త మీటేదో నొక్కుకుపోయింది. తెర పక్కన ఒక కిటికీ తెరుచుకుని, మీకు నేనేం సాయం చేయగలను అని ఇంగ్లీషులో అడిగింది. పిలవని పేరంటం. ఆమె దాన్ని మూసింది. మూసినా మళ్ళీ వచ్చింది. మళ్ళీ మూసింది. ఆ మీట ఎవరికి కావాలని పెట్టారో పెట్టినవాడికే తెలియాలి.

నాలుగో నిమిషంలో ఒక మాట తప్పు పడింది. చెరిపే మీట కోసం కుడి చిటికెనవేలు చాచింది. ఆఫీసులో తన కీబోర్డుకు చెరిపే మీట పెద్దది, రెండు వరుసల ఎత్తున ఉంటుంది. ఎక్కడ నొక్కినా చెరుపుతుంది. ఇక్కడది పొట్టిది. దాని నెత్తిన, అచ్చం అలాగే, అదే రంగులో, అదే నునుపుతో ఇంకో మీట ఉంది. అది యంత్రాన్ని ఆపే మీట.

తెర నల్లబడింది.

వనమాల చేయి ఎత్తింది. విశ్వేశ్వర్ వచ్చి చూశాడు. మళ్ళీ నొక్కితే తెర వెలిగి పాస్‌వర్డు అడిగింది. పాస్‌వర్డు కిరాయి దుకాణం మనిషి దగ్గర ఉంది. అతను చాయ్‌కి పోయాడు. చుట్టూ ముప్పైతొమ్మిది జతల చేతులు టకటకలాడుతుంటే ఆమె ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఆ చప్పుడులో ఎవరు ఎంత వేగమో ఆమె చెవికి తెలుస్తూనే ఉంది. వెనక వరుసలో ఒకామె ఇరవై దాటదు. కిటికీ దగ్గర అబ్బాయి ముప్పై అయిదు.

దుకాణం మనిషి వచ్చి పాస్‌వర్డు కొట్టేసరికి రెండు నిమిషాలు మిగిలాయి. ఆ రెండు నిమిషాలూ ఆమె ఒక్క తప్పు లేకుండా కొట్టింది.

నిమిషానికి ముప్పై మాటలు రావాలి. ఇరవైనాలుగు వచ్చింది.

ఆ సాయంత్రం సిడ్కో కాలనీలో ఇంటికొచ్చి జొన్నపిండి కలిపింది. రొట్టె పీట మీద తడుతుంటే పిండి గుండ్రంగా సాగుతూ పోయింది. భర్త కైలాస్ మోండాలో హమాలీ. కాళ్ళు కడుక్కొని వచ్చి గోడకానుకున్నాడు.

"ఎట్లయింది?"

"కాలే."

అతను హాస్యమనుకున్నాడు. పెంక మీద రొట్టె పొంగి దిగేదాకా చూశాడు.

"కాలేదంటే ఏంది? నీకు గాకుంటె ఇంకెవరికయితది?"

"మిషన్ బందైంది. చెయ్యి తప్పు బటన్ మీద వడ్డది."

అత్త సంగవ్వ పక్కగదిలోంచి, "ఇరవై ఏండ్ల సంది అదే పనాయె, చెయ్యెట్ల తప్పింది?" అంది. తిట్టడానికి కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది. వనమాల తట్టిన రొట్టెను పెంక మీద వేసింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. ఇంకో ముద్ద తీసుకుని తట్టింది. చిటికెనవేలు మాత్రం పీటకు తగలకుండా పైకి లేచే ఉంది.

బుధవారం బోర్డు మీద లిస్టు పెట్టారు. ఆమె పేరుకెదురుగా మరాఠీలో అపాత్ర అని ఉంది. పాత్రురాలు కాదని. ఆ లిస్టు టైపు చేసింది తను కాదని అక్షరాల మధ్య ఖాళీలు చూస్తేనే తెలిసిపోతోంది.

మధ్యాహ్నం డబ్బా తెరిచాక రికార్డు గదిలో పనిచేసే తృప్తి వచ్చి పక్కన కూర్చుంది. బిలోలి దగ్గరి పిల్ల, సగరోళి హాస్టల్లో ఉండి చదివింది. ఆమె కూడా కాంట్రాక్టే. మర్నాడు రెండో బ్యాచ్‌లో ఆమె పరీక్ష.

"అక్కా, అర్జీ వెట్టు. గట్ల ఊకుంటవా?"

"వెడత. నువ్వు రేపు జర పైలం. చెరిపే బటన్ మీదనే ఆపే బటన్ ఉన్నది."

"ఎట్ల పైలముండాలె అక్కా? కండ్లు కాయితం మీదుంటయ్. నువ్వు చెప్పింది నా తలకాయకెక్కింది గని వేలికెక్కదు గద."

అది నిజమే. తృప్తి కూడా వత్సల మేడం దగ్గరే నేర్చుకుంది. దస్తీ కింద నేర్చిన చేతికి ఏదైనా చెప్పాలంటే చెవి ద్వారా కుదరదు.

నాలుగింటికి వనమాల తన అర్జీ తనే టైపు చేసుకుంది. మీటల అమరిక వేరని, ప్రాక్టీసుకు ఐదు నిమిషాలు ఇవ్వలేదని, యంత్రం ఆగిన నాలుగు నిమిషాలు లెక్కలోంచి తీసి మరోసారి పరీక్ష పెట్టమని కోరింది. ఒక్క పేజీ. అరిగిన కీబోర్డు మీద ఏడు నిమిషాల్లో అయిపోయింది. టపాలో ఇచ్చి ముద్ర వేయించుకుంది.

అయిదింటికి విశ్వేశ్వర్ పిలిచి హాలు తాళంచెవి చేతికిచ్చాడు.

"రేపు తొమ్మిదింటికి బ్యాచ్. ఏడున్నరకు అచ్చి మిషన్లు తుడిచి, చార్జర్లు వెట్టు."

నిన్న పరీక్ష తప్పిన మనిషి చేత ఇవాళ పరీక్ష హాలు సర్దించడమేమిటని ఎవరికీ తోచలేదు. ఆమె సర్దకపోతే సర్దేవాళ్ళు లేరు. వనమాలకూ తోచలేదు. తాళంచెవి కొంగుకు ముడేసుకుంది.

గురువారం పొద్దున ఏడున్నరకు హాల్లో ఆమె ఒక్కతే ఉంది. ఒక్కో లాప్‌టాప్ తెరిచి పొడిగుడ్డతో తుడుస్తూ, చార్జరు గుచ్చుతూ పోయింది. ఆరోదో ఏడోదో తుడుస్తుండగా తను మొన్న కూర్చున్నది వచ్చింది. మూలలో చిన్న గీత ఉండటంతో గుర్తుపట్టింది. నిలబడి, కళ్ళు మూసుకుని, చేతులు గడ్డల మీద పెట్టి, చిటికెనవేలు చాచింది. వేలు సరిగ్గా మళ్ళీ ఆపే మీట మీదికే పోయింది. ఇంకోసారి చాచింది. మళ్ళీ అక్కడికే.

ఇవాళ నలభై మంది వస్తారు. వాళ్ళలో దస్తీ కింద నేర్చినవాళ్ళు ఎందరో ఆమెకు తెలియదు. బాగా నేర్చిన చేతులే ఇక్కడ దెబ్బతింటాయి. రెండు వేళ్ళతో చూసి చూసి కొట్టేవాడికి ఏ మీట ఎక్కడున్నా ఒకటే.

సంచీలో టిఫిన్ డబ్బా పక్కన బొట్టుబిళ్ళల అట్టలు మూడున్నాయి. వాళ్ళమ్మ భీమవ్వ పోయిన నెల మాహూర్ రేణుకమ్మ గుడికి పోయి తెచ్చినవి. ఎర్ర మఖమల్‌వి, దళసరివి, కాస్త ముసలివాళ్ళు పెట్టుకునే రకం. తల్లి మనసు నొప్పించలేక సంచీలో వేసుకుంది గానీ పెట్టుకోలేదు.

ఒక బిళ్ళ ఒలిచి ఆపే మీట మీద అతికించింది. కళ్ళు మూసుకుని చిటికెనవేలు చాచింది. వేలికి గరుగ్గా తగిలింది. వేలు దానంతటదే వెనక్కి వచ్చి, కింది మీట మీద దిగింది.

పరీక్ష యంత్రాన్ని ముట్టుకోవడం తప్పని ఆమెకు తెలుసు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. తెలిసీ ఒక్కొక్కటే అతికిస్తూ పోయింది. అట్టకు పదమూడు. మూడు అట్టలూ అయిపోయాక చివరి బల్ల మీద ఒక లాప్‌టాప్ మిగిలింది. కాసేపు దాన్ని చూసి, తన నొసటి మీదున్న బిళ్ళ తీసింది. అది మెరూన్ రంగుది, చిన్నది. గోటితో గట్టిగా నొక్కి అతికించింది.

తొమ్మిదిన్నరకు బయట వరండాలో నిలబడి వింది. చప్పుడు మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఎవరూ చేయి ఎత్తలేదు. పది నిమిషాల తర్వాత తృప్తి బయటికొచ్చి ఆమె చేయి పట్టుకుంది.

"ముప్పై ఎనిమిది అచ్చింది అక్కా. ఆ బటన్ మీద ఎవరో టిక్లి వెట్టిన్రు. వేలుకు తగలంగనే ఆగింది." అని, ఆమె ముఖం చూసి, "నీ నొసలేంది బోసిగున్నది?" అంది.

"చెమటకు ఊడింది," అంది వనమాల.

ఆమెకు సంతోషం కలగాలి. కలిగిందేమోనని చూసుకుంది. పని ఒకటి పూర్తయిందన్నట్టు ఉందంతే.

సాయంత్రం ఇంటికి పోయేముందు బిళ్ళలన్నీ ఒలిచేద్దామని హాలు దగ్గరికి వెళ్తే లోపలినుంచి గడియ పెట్టి ఉంది. ఎవరో మీటింగులో ఉన్నారనుకుని వెళ్ళిపోయింది. శుక్రవారం వచ్చేసరికి హాలు ఖాళీ. లాప్‌టాప్‌లను దుకాణం వాళ్ళు తీసుకుపోయారు. బిళ్ళల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆమె రోజంతా ఎవరైనా పిలుస్తారని చూసింది. శనివారం, ఆదివారం సెలవు. అర్జీ ఒకటే ఆమెకు మిగిలిన దారి.

సోమవారం పదకొండింటికి విశ్వేశ్వర్ ఒక ఫైలు పట్టుకుని ఆమె బల్ల పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఎప్పుడూ ఉత్తరాలు అలాగే చెబుతాడు, ఆమె వింటూ నేరుగా కొడుతుంది. పద్నాలుగేళ్ళ అలవాటు.

"ఒక జవాబు గొట్టాలె."

వనమాల చేతులు పెట్టింది.

అతను మరాఠీలో చెప్పసాగాడు. విషయం, సందర్భం, తేదీ. సందర్భం దగ్గర ఆమెకు అర్థమైంది. అది తన అర్జీకి జవాబు. చేతులు ఆగలేదు. ఎవరి పేరని చూసుకుంటూ టైపు చేసే అలవాటు వేళ్ళకు లేదు. తన పేరు తనే కొట్టింది.

"అభ్యర్థులకు తగినంత అభ్యాస సమయం ఇవ్వబడింది," అన్నాడు. కొట్టింది.

"గురువారం అవే యంత్రాల మీద నలభై మంది పరీక్ష ఇచ్చారు. ఒక్కరి నుంచీ ఫిర్యాదు రాలేదు." కొట్టింది.

అతను ఆగాడు. కుడి బొటనవేలి గోరు ఎడమ అరచేతిలో రుద్దుకుంటున్నాడు. ఆ గోరు చివర విరిగి, లోపల నల్లగా ఏదో జిగురు పట్టి ఉంది. వనమాల చూసింది గానీ ఏమీ అనుకోలేదు.

"రెండు రోజుల మధ్య యంత్రాలలో ఎలాంటి మార్పూ చేయబడలేదు," అన్నాడు.

ఆమె వేళ్ళు ఆగాయి.

పంఖా తిరుగుతోంది. పక్క బల్ల గుమస్తా బయట ఎవరితోనో మాట్లాడుతున్నాడు. తను చేసిన మంచి పని వాక్యమై తన మీదికే వచ్చింది. నోరు తెరిస్తే అర్జీ నిలబడుతుంది. బిళ్ళలు పెట్టాక ఎవరి వేలూ తప్పలేదు కాబట్టి, తప్పు మీటది. కానీ నోరు తెరిస్తే గురువారం పరీక్ష చెల్లదు. యంత్రాలకు ఎవరో చేయి పెట్టారని నలభై మందినీ ఇంటికి పంపుతారు. తృప్తి ముప్పై ఎనిమిదీ పోతుంది.

"గొట్టు," అన్నాడు విశ్వేశ్వర్ మెల్లగా. ఆమె వైపు చూడలేదు.

కొట్టింది.

"కావున అభ్యర్థిని అభ్యాసలోపమే కారణమని తేలినందున, మరోసారి పరీక్ష పెట్టాలన్న అర్జీ తోసిపుచ్చడమైనది."

అదీ కొట్టింది. ప్రింటు తీసింది. అతను పైనుంచి కింది దాకా చదివాడు. ఒక్క తప్పు లేదు. సంతకం చేసి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"మిగిలినయి గోకి పారేసిన. దుకాణపోళ్ళు జూస్తె అడుగుతరని," అన్నాడు. "మఖమల్‌వి పెద్దయి తొందరగ ఊడినయ్. ఇదొక్కటే గట్టిగ అంటుకున్నది."

వనమాల మడతలు విప్పింది. మధ్యలో మెరూన్ రంగు బిళ్ళ ఉంది.

"ఎప్పుడు జూసిన్రు సాబ్?"

"బ్యాచ్ కూసునే ముందటనే. రౌండు గొడుతుంటె అవుపడ్డది. ఆ తర్వాత నీ నొసలు జూసిన." కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. "ఉన్నది ఉన్నట్టు రాస్తె ఆ నలభై మందిది పోతది. మిషన్ ముట్టిందెవరని నీ కాంట్రాక్టు గూడ పోతది. నేను పరీక్షనాపలేదని నా మీదికస్తది. ఎటు జూసిన ఎవరో ఒకరిది పోతది వనమాలా."

"నాది పోయింది గద సాబ్."

గొంతు పెంచలేదు. టపా వచ్చిందని చెప్పినట్టే చెప్పింది. అతను అద్దాలు పెట్టుకున్నాడు. టపా రిజిస్టరు ఆమె ముందుకు జరిపాడు.

"ఒక కాపీ నీకే గద. ఈడనే సంతకం జేసి తీస్కో. పోస్టులెందుకు."

ఆమె ముట్టినట్టు సంతకం చేసింది. తన కాపీ మడిచి సంచీలో పెట్టుకుంది. విశ్వేశ్వర్ తన గదిలోకి వెళ్ళాడు.

ఫైలులో ఉండే ఆఫీసు కాపీ మిగిలింది. దాన్ని ముందు పెట్టుకుంది. బిళ్ళను వేలి కొసతో ఎత్తి చూసింది. వెనక జిగురు పోయింది, ఇక నొసట నిలవదు. బల్ల సొరుగులోంచి గమ్ము సీసా తీసి చుక్క రాసింది. ఎలాంటి మార్పూ చేయబడలేదన్న లైనుకు ఎదురుగా, ఎడమవైపు ఖాళీ జాగాలో అతికించి, ఆరేదాకా వేలితో అదిమిపట్టింది. ఆ వేలు చిటికెనవేలే.

ఆఫీసు కాపీ మీద సెక్షన్ పెద్ద పొట్టి సంతకం ఉండాలి. లేకపోతే ఫైలులోకి పోదు. ఆమె తీసుకెళ్ళి అతని ముందు పెట్టి నిలబడింది.

విశ్వేశ్వర్ పెన్ను తెరిచి, ఆగాడు. కాగితం మీదున్న బిళ్ళను చూశాడు. విరిగిన గోరున్న బొటనవేలు దాని అంచుదాకా పోయింది. అక్కడే చాలాసేపు ఉంది. బయట ఎవరో టపా టపా అని అరిచి వెళ్ళిపోయారు. వేలు వెనక్కి తీసుకున్నాడు. బిళ్ళకు కిందుగా పొట్టి సంతకం చేసి, తేదీ వేశాడు.

"బీరువల వెట్టు," అన్నాడు.

వనమాల కాగితానికి రంధ్రాలు కొట్టి, ఫైలులో గుచ్చి, దారం ముడేసింది. బీరువా తాళం పెట్టి వచ్చి కూర్చుంది. ఇంకో నాలుగు ఉత్తరాలు కొట్టాల్సి ఉన్నాయి. చేతులు చాచింది. రెండు చూపుడువేళ్ళ కిందా గడ్డలు ఉండాల్సిన చోటే ఉన్నాయి.